పాండా అన్న పేరు ముందు ఎవరిది?

క్లుప్తంగా: ‘పాండా’ అన్న మాట 1825లో పుస్తకాలకెక్కింది. అప్పుడది హిమాలయాల్లో చెట్ల మీద బతికే ఎర్రటి చిన్న జంతువు పేరు. చైనా కొండల్లోని నలుపు తెలుపు జంతువుకు అదే పేరు తగిలించింది 1901లో, రెండూ దగ్గరి చుట్టాలన్న నమ్మకంతో. ఆ చుట్టరికం నిలవలేదు. పెద్దది ఎలుగుబంట్ల కుటుంబానిది, చిన్నది తనదంటూ వేరే కుటుంబం ఉన్నది. పేరు మాత్రం రెండింటికీ ఉండిపోయింది. ఈ పేరు పంచుకోవడంలో గుర్తింపంతా పెద్దదానికి పోయి, అసలు పేరుగలది వెనకబడింది.

పాండా అనగానే కళ్లముందు మెదిలే బొమ్మ ఒకటే. తెల్లటి ఒళ్లు, నల్లటి చెవులు, కాటుక చెదిరినట్టు కళ్లచుట్టూ మచ్చలు, చతికిలబడి వెదురు నములుతున్న బొద్దు జంతువు. డార్జిలింగ్ జూకు వెళ్లినవాళ్లకు ‘రెడ్ పాండా’ అన్న బోర్డు వెనక కనిపించేది మరొకటి. ఇంటిపిల్లి కంటే కాస్త పెద్దది. ఇటుకరంగు బొచ్చు, తెల్లటి మొహం, కళ్ల దగ్గర్నుంచి కిందికి కారినట్టుండే ఎర్రటి చారలు, నల్లటి కాళ్లు, ఉంగరాలు తొడిగినట్టున్న గుబురు తోక. నక్కలా ఉన్నదాన్ని పాండా అంటారేమిటన్న అనుమానం రావడం సహజం. చరిత్ర చూస్తే అనుమానం రావాల్సింది ఆ నలుపు తెలుపు జంతువు మీద.

నలుపు తెలుపుల బొమ్మకు ఆ మాట ఎంతగా అతుక్కుపోయిందో 2024 మే నెలలో మరోసారి తెలిసొచ్చింది. చైనాలోని తైజౌ జూలో చౌ చౌ జాతి కుక్కలకు రంగులు వేసి ‘పాండా కుక్కలు’ అని ప్రదర్శనకు పెట్టారు. అది ప్రపంచమంతా వార్త అయింది. రెండు రంగులు పూస్తే చాలు, జనం నోట పాండా అన్న మాట వచ్చేస్తుంది. ఒక జంతువు పేరు కాస్తా ఒక రంగుల పొందికకు పేరైపోయిందన్నమాట.

‘వా’ అని అరిచే జంతువు

1821 నవంబరులో లండన్‌లోని లిన్నేయన్ సొసైటీ అనే జీవశాస్త్ర సంఘంలో ఒక పత్రం చదివారు. రాసినవాడు థామస్ హార్డ్‌విక్, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో మేజర్ జనరల్. నేపాల్‌కూ మంచుకొండలకూ మధ్య దొరికిన ఒక కొత్త జంతువు గురించిన పత్రం అది. కొండవాగుల వెంట తిరుగుతుందనీ, ఎక్కువసేపు చెట్ల మీదే గడుపుతుందనీ, ‘వా... వా’ అని పెద్దగా అరుస్తుందనీ, ఆ అరుపే అక్కడివాళ్ల నోట దాని పేరైందనీ రాశాడు. ‘చిత్వా’ అని కూడా అంటారని చేర్చాడు.

పత్రం చదవడం వేరు, అచ్చు కావడం వేరు. హార్డ్‌విక్ రాసింది అచ్చయ్యేసరికి 1827 వచ్చింది. ఈలోగా 1825లో పారిస్‌లో ఫ్రెడెరిక్ కువ్యే అనే జంతుశాస్త్రవేత్త అదే జంతువును వర్ణించి, ‘ఐలూరస్ ఫుల్జెన్స్’ అన్న శాస్త్రీయనామం పెట్టి ప్రచురించాడు. మెరిసే పిల్లి అని దానర్థం. వాడుక పేరుగా ‘పాండా’ అన్న మాట రాశాడు. జంతుశాస్త్రంలో ముందు అచ్చయిన శాస్త్రీయనామమే చెల్లుతుంది. వాడుక పేర్లకు అలాంటి నియమమేదీ లేకపోయినా, కువ్యే పెట్టిన శాస్త్రీయనామంతోపాటు ఆయన వాడిన మాటే యూరప్‌లో పాతుకుపోయింది. హార్డ్‌విక్ పత్రం సకాలంలో అచ్చయివుంటే ఈరోజు ప్రపంచం ఆ జంతువును ‘వా’ అని పిలుస్తుండేదేమో.

కువ్యేకు ఆ జంతువు అవశేషాలు చేరిన దారిలో మన దక్షిణాది ఊరు ఒకటి తగులుతుంది. వాటిని భారతదేశం నుంచి పంపించినవాడు ఆల్ఫ్రెడ్ దువోసెల్. కువ్యే అన్నగారైన జార్జ్ కువ్యేకు సవతి కొడుకు. దువోసెల్ 1824లో మద్రాసులో చనిపోయాడు. తాను పంపినదానికి ఏం పేరు పెట్టారో తెలుసుకునే యోగం అతనికి లేకపోయింది.

ఇక ‘పాండా’ అన్న మాట ఎక్కడిది? ఎక్కువమంది చూపించే మూలం నేపాలీలోని ‘నిగాల్య పోన్య’. నిగాలో అంటే కొండల్లో పెరిగే సన్న వెదురు. అంతవరకూ పేచీ లేదు. చిక్కంతా రెండో మాట దగ్గరే. తినేదని కొందరు అర్థం చెబుతారు. పంజాకు సంబంధించిన మాట అని ఇంకొందరంటారు. పంజా అన్నది తెలుగువాళ్లకూ తెలిసిన మాటే. ఈ వాదన ఇంకా తెగలేదు. అన్నిటికంటే విశేషం ఏమిటంటే, నేపాల్ కొండల్లో ఈరోజు వినిపించే పేరు ‘పాండా’ కాదు, ‘హాబ్రే’. సొంతగడ్డ మీద ఒక పేరు, లోకానికి మరో పేరు.

పెద్దమనిషి ఇంట్లో ఒక చర్మం

నలుపు తెలుపు జంతువు బయటి ప్రపంచానికి తెలిసేసరికి ఇంకో నలభై నాలుగేళ్లు గడిచాయి. 1869 మార్చి 11న చైనాలోని సిచువాన్ కొండల్లో, ఇప్పటి బావోషింగ్ ప్రాంతంలో, ఆర్మాండ్ దవీద్ అనే ఫ్రెంచి మతబోధకుడు ఒక పెద్దమనిషి ఇంట్లో ఆగాడు. అక్కడ నలుపు తెలుపు చర్మం ఒకటి చూసి ఆశ్చర్యపోయాడు. రెండు వారాలు తిరక్కుండానే వేటగాళ్లు ఒక పిల్లను తెచ్చిచ్చారు. ప్రాణంతో మోసుకురావడం కష్టమని దాన్ని చంపి తెచ్చారు. కొత్త జంతువుల ‘ఆవిష్కరణ’ ఆ కాలంలో ఎలా జరిగేదో ఈ ఒక్క సంగతి చెబుతుంది.

దవీద్ దాన్ని చూడగానే ఎలుగుబంటి అనే అనుకున్నాడు. ‘ఉర్సస్ మెలనోల్యూకస్’ అని పేరు పెట్టాడు. నలుపు తెలుపు ఎలుగుబంటి అని అర్థం. స్థానికుల లెక్కా అదే. వాళ్లు ‘బాయ్‌షియోంగ్’ అనేవారు, తెల్ల ఎలుగు అని. ‘హువాషియోంగ్’ అన్న పేరూ ఉంది, మచ్చల ఎలుగు అని. అడవిలో దాన్ని రోజూ చూసే మనిషీ, మొదటిసారి చర్మం చూసిన పరదేశీ ఒకే మాట అన్నారు. తర్వాత వందేళ్లకు పైగా శాస్త్రవేత్తలు తర్జనభర్జన పడి, చివరికి వచ్చి చేరింది ఆ మాట దగ్గరికే.

పారిస్‌కు చేరిన ఎముకలనూ పళ్లనూ చూసిన ఆల్ఫోన్స్ మిల్న్ ఎడ్వర్డ్స్ 1870లో ఇది ఎలుగుబంటి కాదన్నాడు. పాదాలూ పళ్లూ హిమాలయాల ఎర్ర జంతువును పోలి ఉన్నాయని ‘ఐలురోపోడా’ అనే కొత్త ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పెట్టాడు. ఆ పేరులోనే ‘ఐలూరస్’ తొంగిచూస్తుంది. 1901లో బ్రిటన్‌లో రే లాంకెస్టర్ ఈ వాదాన్నే బలపరిచాడు. అంతవరకూ ఇంగ్లిషులో రెండురంగుల ఎలుగుగా చలామణి అయిన జంతువును ఇకమీదట పెద్ద పాండా అనాలన్నాడు. ఆ పేరు స్థిరపడింది.

దీంతో భాషలో ఒక తమాషా జరిగింది. అంతవరకూ ‘పాండా’ అంటే చాలు, ఎర్రదే. పెద్ద పాండా ఒకటి పుట్టుకొచ్చాక పాతదానికీ ఒక విశేషణం తగిలించాల్సి వచ్చింది. మొదట ‘చిన్న పాండా’ అన్నారు, తర్వాత ‘ఎర్ర పాండా’ అన్నారు. సెల్‌ఫోన్ వచ్చాక ఇంట్లోని పాత ఫోను ‘ల్యాండ్‌లైన్’ అయినట్టే ఇదీ. కొత్తగా వచ్చినది పేరును ఆక్రమించుకుంటే, పాతది తన పేరుకే తోక తగిలించుకోవాలి.

అదే వెదురు, అదే ఆరో వేలు

ఇంతమంది నిపుణులు ఎందుకు పొరబడ్డారు? వాళ్ల కళ్లముందు ఉన్న సాక్ష్యం అలాంటిది. రెండు జంతువులూ పులులూ కుక్కలూ ఎలుగులూ ఉన్న మాంసాహార క్రమానికి చెందినవే, అయినా రెండూ వెదురు తింటాయి. రెండింటికీ నమలడానికి తగిన వెడల్పాటి దవడపళ్లున్నాయి. అన్నిటికంటే పెద్ద సాక్ష్యం చేతిలో ఉంది. వెదురు కొమ్మను పట్టుకున్న పాండా చేతిని దగ్గరగా చూస్తే ఐదు వేళ్లూ ఒకవైపు, వాటికి ఎదురుగా బొటనవేలులాంటి బుడిపె ఇంకోవైపు కనిపిస్తాయి. అది వేలు కాదు. మణికట్టు దగ్గరి ఒక చిన్న ఎముక పెరిగి వేలు పని చేస్తోంది. ఇంత అరుదైన ఏర్పాటు రెండింటిలోనూ ఉందంటే ఒకే పూర్వీకుడి నుంచి వచ్చివుంటుందనుకోవడంలో తప్పు పట్టేదేం లేదు.

అయితే ఒకే పని చేయాల్సి వచ్చినప్పుడు ప్రకృతి వేర్వేరు వంశాల్లో ఒకేలాంటి పనిముట్టును విడివిడిగా తయారుచేస్తుంది. గబ్బిలానికీ పక్షికీ రెక్కలున్నంత మాత్రాన అవి చుట్టాలు కావు. పాండాల సంగతీ అంతే. 1964లో డ్వైట్ డేవిస్ పెద్ద పాండా శరీరనిర్మాణాన్ని నిలువెల్లా పరిశీలించి ఇది ఎలుగుబంటేనని రాశాడు. 1985లో స్టీఫెన్ ఓబ్రయన్ బృందం అణుస్థాయి ఆధారాలతో అదే తేల్చింది. ఎర్ర పాండాను ఒకప్పుడు రకూన్లతోనూ, ఒకప్పుడు ఎలుగుబంట్లతోనూ కలిపి చూశారు. చివరికి దానికి వేరే కుటుంబం ఇచ్చారు. ఆ కుటుంబంలో ఇప్పుడు మిగిలింది ఈ ఒక్క ప్రజాతే. రకూన్లు, ముంగిసలా కనిపించే వీజెల్‌లు, నీటికుక్కలు, స్కంక్‌లు దానికి కాస్త దగ్గరి బంధువులు. రెండు పాండాల వంశాలు విడిపోయి సుమారు 4 కోట్ల ఏళ్లయింది.

ఆరో వేలు విషయంలో ఇంకో మెలిక ఉంది. ఎర్ర పాండాకు దూరపు పూర్వబంధువైన సిమోసియన్ అనే జంతువు శిలాజాలు స్పెయిన్‌లో దొరికాయి. దానికీ ఆ దొంగవేలు ఉంది. అది మాత్రం మాంసం తినేది. అంటే ఎర్ర పాండా వంశంలో ఆ వేలు ముందు చెట్లెక్కడానికి ఏర్పడి, తర్వాత వెదురు పట్టుకోవడానికి పనికొచ్చిందన్నమాట. పెద్ద పాండా వంశంలో దాని కథ వేరు. 2017లో రెండింటి జన్యువులనూ పోల్చి చూసినప్పుడు మరో పోలిక బయటపడింది. మాంసంలోని కమ్మదనాన్ని నాలుకకు తెలిపే ఒక జన్యువు రెండింటిలోనూ, విడివిడిగా, పనిచేయడం మానేసింది.

పోలికలు ఎంత ఉన్నా బతుకులు వేరు. పెద్ద పాండా 100 కిలోలు దాటుతుంది. పొట్ట ఇంకా మాంసాహారిదే కాబట్టి తిన్న వెదురులో ఐదో వంతు కూడా ఒంటబట్టదు. అందుకే రోజుకు 12 నుంచి 38 కిలోల దాకా తింటూ కూర్చోవాలి. ఎర్ర పాండా 3 నుంచి 6 కిలోలు ఉంటుంది. లేత ఆకులూ చిగుళ్లూ ఏరుకుని తింటుంది, పళ్లూ గుడ్లూ దొరికితే వదలదు.

చివరి మాటదే పెత్తనం

చైనీయులు పెద్ద పాండాను ‘దా షియోంగ్‌మావ్’ అంటారు. షియోంగ్ అంటే ఎలుగు, మావ్ అంటే పిల్లి. కలిపితే ‘ఎలుగుపిల్లి’. ఎర్రది ‘షియావ్ షియోంగ్‌మావ్’, చిన్న ఎలుగుపిల్లి. తైవాన్‌లో ‘మావ్‌షియోంగ్’ అన్న రూపం కూడా బాగా వాడతారు, అంటే ‘పిల్లిఎలుగు’.

తెలుగువాళ్లకు ఈ తేడా ఇట్టే పట్టుబడుతుంది. మన సమాసాల్లోనూ చివరి మాటదే పెత్తనం. నీటికుక్క అంటే నీటిలో ఉండే కుక్క, కుక్కలాంటి నీరు కాదు. ఆ లెక్కన ‘ఎలుగుపిల్లి’ అంటే పిల్లి అవుతుంది, ‘పిల్లిఎలుగు’ అంటే ఎలుగు అవుతుంది. జంతువు ఎలుగుబంటి కాబట్టి తైవాన్ రూపమే సరైనదని వాదించేవారి పట్టు అక్కడే.

కానీ పేర్లు ఈ తర్కానికి లొంగవు. నీటికుక్క కుక్క కాదు. తిరుమల శ్రీవారి సేవలో వాడే తైలంతో అందరికీ తెలిసిన పునుగుపిల్లి పిల్లుల కుటుంబానిది కాదు. దేవాంగపిల్లి అయితే కోతులవైపు బంధువు. కోరింగ మడ అడవుల్లోని బావురుపిల్లి ఒక్కటే వీటిలో నిజంగా పిల్లి. జనం పేరు పెట్టేది కళ్లకు కనిపించిన పోలికను బట్టి. వంశవృక్షం చూసి కాదు. ఈ పేర్లను తప్పులని కొట్టిపారేయడం కంటే, అవి ఒక జనం చూపును దాచిపెట్టుకున్న పెట్టెలని అర్థం చేసుకోవడం మేలు. చైనా పాత గ్రంథాల్లో ‘ఇనుము తినే మృగం’ అన్న పేరు కనిపిస్తుంది. అది పెద్ద పాండా గురించేనా అన్నది పండితుల మధ్య వివాదం. ఉప్పు కోసం ఊళ్లలోకి వచ్చి వంటపాత్రలు నాకడం, కొరకడం చూసి ఆ పేరు పుట్టిందని ఒక వివరణ ఉంది. ఎర్ర పాండాకు చైనాలో ‘హువోహూ’ అన్న పేరూ ఉంది, అగ్గినక్క అని.

ఒక్కో పాండాకు పెట్టే పేర్లు ఇంకో ప్రపంచం. చైనాలో ముద్దుగా ఒకే మాటను రెండుసార్లు అంటారు, మనం బుజ్జిబుజ్జి అన్నట్టు. ఆ ముద్దులో రాజకీయమూ కలుస్తుంది. తైవాన్‌కు చైనా ఇవ్వజూపిన జంటకు తువాన్ తువాన్, యువాన్ యువాన్ అని పేర్లు పెట్టారు. రెండూ కలిపి ‘తువాన్‌యువాన్’ అంటే విడిపోయినవాళ్లు తిరిగి కలవడం. 2006లో తైవాన్ ప్రభుత్వం వద్దంది. ప్రభుత్వం మారాక 2008 డిసెంబరులో అవి తైపే చేరాయి.

జంతువు కాని పాండాలు

ఇంటర్నెట్‌లో ఈ మాట వెతికితే జంతువులతోపాటు ఇంకా చాలా తగులుతాయి. హైదరాబాద్‌లో కంప్యూటర్ కోర్సుల్లో చేరినవాళ్లకు ‘పాండాస్’ అంటే పైథాన్‌లో పట్టికలుగా ఉన్న సమాచారాన్ని విశ్లేషించే సాధనం. వెస్ మెకిన్నీ 2008లో మొదలుపెట్టిన దీనికి పేరు జంతువు నుంచి రాలేదు. ఆర్థికగణాంక శాస్త్రంలో వాడే ‘ప్యానెల్ డేటా’ అన్న మాటలు కుదించగా వచ్చింది. 2011లో గూగుల్ తన వెతుకులాట పద్ధతిలో తెచ్చిన ‘పాండా’ మార్పుకు ఆ పేరొచ్చింది నవనీత్ పండా అనే ఇంజినీరు ఇంటిపేరు మీద. అది ఒడియా ఇంటిపేరు. పూరీ వెళ్లిన ప్రతి తెలుగు కుటుంబానికీ తెలిసిన ‘పండా’లు వాళ్లే. ఇంగ్లిషులో రెండూ ఒకేలా రాస్తారు కాబట్టి అక్కడ తేడా చెరిగిపోయింది. మన లిపిలో ఒక్క దీర్ఘంతో తేడా స్పష్టమవుతుంది, కానీ ఇంగ్లిషు చూసి రాయడం వల్ల తెలుగు వార్తల్లోనూ ఒడియావాళ్ల ఇంటిపేరు తరచూ ‘పాండా’ అయిపోతోంది. మాత్ర ఒక్కటే అయినా అది ఒకరి ఇంటిపేరు, సరిగ్గా రాయడం మర్యాద.

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌ది దీనికి తిరగేసిన కథ. 2004లో పెట్టిన ఆ పేరు నిజంగానే ఎర్ర పాండాకు ఉన్న మారుపేరు. చిహ్నంలో మాత్రం నక్క బొమ్మ ఉంది. పేరు పాండాది, బొమ్మ నక్కది.

పేరుతోపాటు పోయిన చూపు

పేరు గోల పుస్తకాలకే పరిమితమైతే దీనిమీద ఇంత రాయాల్సిన పనిలేదు. ప్రపంచ వన్యప్రాణి నిధి 1961లో పుట్టినప్పుడు చిహ్నంగా తీసుకున్నది పెద్ద పాండాను. అప్పటికి లండన్ జూలో ఉన్న చీ చీ అనే పెద్ద పాండా దానికి ప్రేరణ. నలుపు తెలుపుల్లో అచ్చు ఖర్చు తక్కువన్నది కూడా ఒక కారణం. ఆ అచ్చులో ఎర్ర పాండా అందమంతా మాసిపోయేదే. అప్పట్నుంచి పాండాను కాపాడాలంటే జనానికి తోచేది ఒకే జంతువు.

ఫలితం లెక్కల్లో కనిపిస్తుంది. పెద్ద పాండా కోసం చైనా రక్షిత ప్రాంతాలు పెంచింది, 2021లో ప్రత్యేకంగా జాతీయ వనాన్ని ఏర్పాటు చేసింది. నాలుగో గణనలో అడవిలో 1,864 ఉన్నట్టు తేలింది. 2016లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని ‘అంతరించే ప్రమాదంలో ఉన్న’ జాబితా నుంచి ఒక మెట్టు తక్కువ ప్రమాదానికి మార్చింది. సరిగ్గా ఏడాది ముందు, 2015లో, ఎర్ర పాండా అదే మెట్టు మీదుగా ఎదురుదిశలో నడిచి ఆ జాబితాలో చేరింది. అడవిలో 10 వేలలోపే ఉంటాయన్న అంచనా. సంఖ్యలో పెద్దదాని కంటే ఎక్కువే అయినా, అడవి ముక్కలైపోవడంతో చిన్న చిన్న గుంపులుగా విడిపోయి తగ్గుతూ వస్తున్నాయి. వేరే జంతువుల కోసం పన్నిన ఉచ్చుల్లో చిక్కుతాయి. ఊళ్ల నుంచి అడవిలోకి వెళ్లే కుక్కలు వాటిని చంపుతాయి, డిస్టెంపర్ రోగాన్ని అంటిస్తాయి.

ఈ జంతువు మనది. సిక్కిం రాష్ట్ర జంతువు. అరుణాచల్‌లోనూ ఉత్తర బెంగాల్ కొండల్లోనూ బతుకుతోంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో పులితోపాటు ఉంది. అయినా పాండా అంటే చైనా జంతువని బడిపిల్లలు చెబుతారు. ఆ పేరు విన్నప్పుడు తమ దేశపు జంతువు గుర్తుకు రాకపోవడం చిన్న నష్టం కాదు.

దేశంలో దీని పెంపకానికి ప్రధాన కేంద్రం డార్జిలింగ్ జూ. దానికున్న పేరు చూస్తే తెలుగు పాఠకులు ఆగి చదువుతారు: పద్మజా నాయుడు హిమాలయన్ జూలాజికల్ పార్క్. హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడు కూతురు పద్మజ 1956 నుంచి 1967 దాకా పశ్చిమ బెంగాల్ గవర్నరుగా ఉన్నారు. 1958లో మొదలైన ఆ జూకు 1975లో ఆమె పేరు పెట్టారు. అక్కడ పుట్టి పెరిగిన మినీ, స్వీటీ అనే రెండు ఆడ ఎర్ర పాండాలను 2003లో సింగలీలా జాతీయ వనంలో వదిలారు.

ఒకటా, రెండా?

పేర్ల కథ ఇంకా ముగియలేదు. 2020లో చైనా పరిశోధకులు 65 ఎర్ర పాండాల జన్యువులను పరిశీలించి, ఇవి ఒక జాతి కాదు, రెండు జాతులని చెప్పారు: హిమాలయ ఎర్ర పాండా, చైనా ఎర్ర పాండా. మొదటిదాని మొహం తెల్లగా ఉంటుంది. రెండోదాని మొహంలో ఎరుపు ఎక్కువ, తోక ఉంగరాలు స్పష్టం. రెండూ విడిపోయి రెండు లక్షల ఏళ్లు దాటింది. టిబెట్‌లో యార్లుంగ్ సాంగ్పో నదిని వాళ్లు సరిహద్దుగా చూపారు. ఆ నదే అరుణాచల్‌లోకి దిగి సియాంగ్ అవుతుంది, అస్సాంలో బ్రహ్మపుత్ర అవుతుంది. తర్వాతి ఏడాది భారత జంతుసర్వే పరిశోధకులు సియాంగ్‌నే హద్దుగా చూపుతూ, రెండు రకాలూ మన దేశంలో ఉన్నాయన్నారు.

దీని ప్రభావం జూల మీద నేరుగా పడుతుంది. హిమాలయ రకంలో జన్యువైవిధ్యం బాగా తగ్గిపోయిందని ఆ పరిశోధనలోనే తేలింది. రెండు రకాలనూ కలిపి పిల్లల్ని పుట్టిస్తే, ఆ పిల్లలను ఏ అడవిలో వదలాలన్నది తేలని ప్రశ్న అవుతుంది. అందువల్ల జూలో ఉన్న ప్రతి ఎర్ర పాండాకూ ఇప్పుడు ముందుగా తేల్చాల్సింది ఒకటే: దాని తాతముత్తాతలు సియాంగ్‌కు ఏ ఒడ్డువారు?